కళ్లెం మామయ్య

ఒకానొక మధ్యాహ్నం కళ్లెం మామయ్య సూర్యుణ్ణి సగం వేగానికి దించేశాడు. ఆ రోజు గోడ మీద నీడలు పాకడానికి బద్ధకించాయి. పావురాలు గాల్లోనే కునుకు తీశాయి. గడియారం ముళ్లు ఒకదాన్ని చూసి ఒకటి ఆవులించాయి. సరే, అంత కాదులెండి. నెమ్మదించింది సూర్యుడు కాదు, గోడ గడియారమే. అదీ ఆయన పని కాకపోవచ్చు, బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు. కానీ ఆయన పనిచేసే పుస్తకాల ప్రచురణ ఆఫీసులో ఏది నెమ్మదించినా అందరి కళ్లూ ఆయన మీదకే తిరిగేవి. ఎందుకంటే ఏ ప్రోగ్రామూ కంప్యూటర్ శక్తిలో సగానికి మించి వాడుకోకూడదన్నది ఆయన పట్టు.

ఆఫీసుకంతటికీ ఉన్నది ఒక్కటే పెద్ద కంప్యూటర్. దాన్ని మెట్ల కింది గదిలో పెట్టి, అందరి బల్లల మీదకీ తీగలు లాగారు. ఆ గదికి మామయ్యే కాపలా, మామయ్యే వైద్యుడు. ఎవరి ప్రోగ్రామైనా పరుగందుకుంటే చాలు, వెళ్లి కళ్లెం బిగించి వచ్చేవాడు.

"గుర్రాన్ని కొని గాడిదలా నడిపిస్తావేంటి మామయ్యా?" అనేది మేనకోడలు. ఆమె పుస్తకాల అట్టల మీద బొమ్మలు వేయడానికి ఆ మధ్యే అక్కడ చేరింది.

"వేడెక్కుతుందే పిల్లా."

"వేడా? ఆ గదిలో ఏసీ చలికి నువ్వే మఫ్లర్ చుట్టుకుని కూర్చుంటావు!"

"మఫ్లర్ నాకు. వేడి దానికి."

ఆయనకి అన్నీ సగమే. కాఫీ సగం కప్పే పోయించుకునేవాడు, తాగేసి మిగతా సగం కోసం మళ్లీ లేచేవాడు. ఎవరైనా గబగబా మాట్లాడితే అరచెయ్యి మెల్లగా కిందికి దించి, "కాస్త సగంలో చెప్పు" అనేవాడు. "ఈయన గురక కూడా సగంలో ఆపేస్తారు. మిగతా సగం ఎప్పుడొస్తుందా అని నేను మేలుకుని కాచుక్కూర్చోవాలి" అని అత్తయ్య వాపోయేది.

ఇలా ఉండగా మేనకోడలికి మొదటి అట్టబొమ్మ వేసే అవకాశం వచ్చింది. నిద్రపోయే నది గురించి పిల్లల కథల పుస్తకం. నది మీద మంచు, మంచులో పడవ, పడవలో దీపం ఆర్పుకుని పడుకున్న చిన్న ఇల్లు. గీత గీయడం అయిపోయింది. మంచును మాత్రం కంప్యూటర్ లెక్కకట్టి పొర మీద పొరగా పరచాలి. ఆ పొరలు కళ్లెం మామయ్య ఆజ్ఞకు లోబడి, ఎవరో పక్క గదిలో దుప్పటి విప్పుతున్నంత మెల్లగా వస్తున్నాయి. చూస్తూ చూస్తూ ఆమె గడ్డం అరచేతిలోకి, మనసు పడవలోకి జారిపోయాయి.

యజమాని గొంతు ఆమెను ఒడ్డుకు లాగింది. "సాయంత్రం ప్రెస్సు వ్యాను వస్తుందమ్మా. అప్పటికి బొమ్మ, దిద్దిన పేజీలు రెండూ ఉండాలి. బొమ్మ లేకపోతే ఉత్త నీలం అట్ట వేసేస్తాను."

ఆమె మెట్ల కింది గదికి పరుగెత్తింది. "మామయ్యా, ఈ ఒక్క పూట కళ్లెం విప్పు."

"కుదరదు."

"నా మొదటి బొమ్మ!"

"నిజమే పాపం" అని తల ఊపాడు. సగమే ఊపాడు. "కుదరదు."

కాసేపటికి ఆయన కాఫీకి లేచాడు. ఆయన పాస్‌వర్డ్ ఆఫీసులో అందరికీ కంఠతా వచ్చు. ఒక్కో అక్షరం అంత నిదానంగా కొడితే రాక ఏం చేస్తుంది? మేనకోడలు ఆయన కుర్చీలో కూర్చుని కళ్లెం విప్పేసింది. కంప్యూటర్ లోపలి ఫ్యాన్లు గుయ్యిమన్నాయి. తన బల్ల దగ్గరికి తిరిగొచ్చి చూస్తే తెర మీద మంచు పాలు పొంగినట్టు పొంగుతోంది.

అప్పుడే పక్క గది తలుపు తెరుచుకుంది. అచ్చుతప్పులు దిద్దే పెద్దావిడ గోడ పట్టుకుని వచ్చింది. ఎప్పుడు చూసినా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఉంటుందని ఆమెకు పాటల పెద్దమ్మ అని పేరు.

"అమ్మడూ, మామయ్య పెట్టినదాన్ని ఏమైనా కదిపావా? నా కళ్లకి నత్తి వచ్చింది."

మేనకోడలికి అర్థం కాలేదు. పెద్దమ్మ ఒక ఇయర్‌ఫోన్ తీసి ఆమె చెవిలో పెట్టింది. అందులో పాట లేదు. కంప్యూటర్ గొంతు ఒకటి పుస్తకం చదువుతోంది. "న... న... నది ని... ని..." అని ఊపిరాడక ఆగిపోయింది.

"చూపు మసకబారి చాలా రోజులైందమ్మా. ఇది చదువుతుంటే విని దిద్దుతాను. తప్పక్షరం చెవిలో రాయిలా గుచ్చుకుంటుందిలే. కానీ పెద్ద ప్రోగ్రాములు కంప్యూటరంతా మింగేస్తే దీనికి మెతుకు మిగలదు. సంగతి యజమానికి తెలిస్తే ఇక ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోండి అంటారు. విశ్రాంతి నాకు అచ్చిరాదు."

"మామయ్యకి తెలుసా?"

"నాకీ గొంతు పెట్టిచ్చిందే ఆయన."

మేనకోడలు మెట్ల కిందికి వెళ్లి, తన చేత్తోనే కళ్లెం బిగించింది. తర్వాత పెద్దమ్మ పక్కన కూర్చుని చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకుంది. గొంతు తేరుకుని హాయిగా చదవసాగింది. నది దుప్పటి కప్పుకుంది. చేపలు 'ఆవులించయి'. "ఆవులించాయికి దీర్ఘం పోయింది, పెట్టు" అంది పెద్దమ్మ కళ్లు మూసుకునే. అవతలి గదిలో మంచు దాని మానాన అది కురుస్తోంది.

వ్యాను హారన్ మోగేసరికి పేజీలన్నీ పూర్తయ్యాయి. బొమ్మ మాత్రం సగమే అయింది. ఇవతలి ఒడ్డు, పడవ, ఇల్లు ఉన్నాయి. అవతలంతా తెల్లగా ఉంది.

"రెండో ఒడ్డేదమ్మా?" అన్నాడు యజమాని.

"ఇంకా నిద్ర లేవలేదండీ."

ఆయన బొమ్మను చూశాడు. చూస్తూనే ఉన్నాడు. నోరు ఇంత చేసుకుని ఆవులించాడు. "చూస్తుంటేనే నిద్రొస్తోంది. ఇదే కావాలి, పంపించు!"

గుమ్మంలో మామయ్య రెండు కప్పులతో నిలబడి ఉన్నాడు. రెండింట్లోనూ సగం సగం కాఫీ. ఒకటి మేనకోడలి చేతికిచ్చి, మెట్ల కిందికి వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఎవరైనా ఈ కథ ఎత్తితే ఆయన మఫ్లర్ సర్దుకుంటాడు. "పచ్చి అబద్ధం. పెద్దమ్మగారికి చూపు తగ్గడమేంటి? వీధి చివర సైకిల్ మీద ఈగ వాలితే అది మగదో ఆడదో చెప్తారు. ఆవిడ వినేది పాటలే. కళ్లెం పెట్టింది వేడికి. పిల్ల నా కుర్చీ ఛాయలకే రాలేదు. మొదటి మాట నుంచి చివరి మాట దాకా కట్టుకథ!"

"మరి సూర్యుడి సంగతి?"

ఆయన కిటికీలోంచి ఒకసారి పైకి చూస్తాడు.

"అదొక్కటీ నిజమే."