బస్సుకు దారిచ్చాను

హైబ్రిడ్ కారు కొన్న మొదట్లో, రోడ్డు దిగుడు రాగానే పాత అలవాటుగా న్యూట్రల్‌లో వేసేవాణ్ణి. అంగళ్ల మధ్య పెరిగినవాణ్ణి, పెట్రోలు ఖర్చు కాకుండా బండి ఊరికే దొర్లితే నాకు ప్రాణం లేచొస్తుంది. న్యూట్రల్‌లో బ్యాటరీ నిండదనీ, డ్రైవ్‌లోనే ఉంచి యాక్సిలరేటర్ వదిలితే నిండుతుందనీ తెలిశాక, నా తెలివికి నేనే నవ్వుకున్నాను.

మొన్న ఉదయగిరి నుంచి నెల్లూరుకు పోతూ, దూరాన గేదెలు కనిపించగానే కాలు తీసి, బ్రేకు మెత్తగా అదిమాను.

"ఏంది బావా, ఆటోలు కూడా దాటిపోతా ఉండాయి. ఇట్లే తోలితే ఆత్మకూరులో దిగి బస్సెక్కుతా" అన్నాడు పక్కనున్న బావమరిది.

"ఎక్కరా. బేరంలో తొందరపడి గెలిచినోణ్ణి నేను చూళ్లేదు."

ఆత్మకూరులో దిగి నిజంగానే బస్సెక్కాడు. సంగం దగ్గర ఆ బస్సు వెనకనుంచి హారన్ కొట్టింది. కిటికీలోంచి బావమరిది చెయ్యి ఊపాడు. దారిచ్చాను. మీటర్లో మైలేజీ పెరుగుతూనే ఉంది. వేగం మాత్రం నేను పెంచదలచుకోలేదు.