పుస్తకంలో ఇంకా అవ్వలేదు

బీరువా సర్దుతుంటే చేతికి తగిలిన ఆ పుస్తకాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని మంచం మీద కూలబడ్డాను, ఈ వయసులో చేసే పనేనా ఇది అని నన్ను నేనే విసుక్కుంటూ. పైపైన కలరా ఉండల వాసన, దాని కింద ఎప్పటిదో అత్తరు, ఇంకా అడుగున, ఓపిక పట్టి పీలిస్తే గాని తెలియని పునుగుల నూనె. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ముసల్మాను ఎలా బతకాలో, నమాజు ఎలా చదవాలో, రోజా అనే ఉపవాసం ఎలా ఉండాలో తెలుగులో చెప్పిన పుస్తకం అది. అట్ట, పేరున్న పేజీ నాకు ఊహ తెలిసేసరికే పోయాయి. మా ఇంట్లో దాన్ని ‘పుస్తకం’ అనేవాళ్ళం, అంతే. మిగతావన్నీ బడి పుస్తకాలు.

మండపేటకి కాస్త దూరంలో, కాలవ గట్టునున్న ఊరు మాది. మా నాన్నని అబ్బా అనేదాన్ని, ఆయన రైసు మిల్లులో మెకానిక్కు. ఊరంతటికీ సాయిబుల ఇల్లు మాదొక్కటే. మసీదు లేదు, అజాన్ వినపడదు, సందేహం వస్తే అడగడానికి మౌల్వీ గారు లేరు. ఇంట్లో మాట్లాడుకునేది కూడా తెలుగే. దాదీ, అబ్బా అన్న పిలుపులూ నమాజులో చదివే సూరాలూ తీసేస్తే మా నోట ఉర్దూ ముక్క పలికేది కాదు. అందుకే మాకు మసీదైనా మౌల్వీ గారైనా ఆ పుస్తకమే.

దాదీ, అంటే అబ్బా వాళ్ళమ్మ, చదువుకోలేదు. మధ్యాహ్నం ఎండ వాలాక వసారాలో కాళ్ళు బారజాపుకుని, తమలపాకుకి సున్నం రాసుకుంటూ, ‘ఊఁ, చదువు’ అనేది. నేను చదివేదాన్ని. ఎదురుగా మనిషి కూర్చుని చెబుతున్నట్టు మధ్యమధ్య ‘అవును మరి’ అనీ, ‘అదెలా కుదురుతుంది’ అనీ పుస్తకానికే జవాబు చెప్పేది. పక్కింటి సుబ్బలక్ష్మి గారి కోళ్ళు వచ్చి మా పెరట్లో తోటకూర పొడిచేసినప్పుడల్లా ఆవిడతో ఓ పూట మాటలుండేవి కావు. ఆ సాయంత్రం మాత్రం పొరుగువారి హక్కుల గురించిన అధ్యాయం తీయమనేది. అది పూర్తయ్యేసరికి లేచి, వండిన కూర గిన్నెలో పెట్టి, కొంగుతో కప్పుకుని, గోడ దగ్గరికి వెళ్ళేది, పుస్తకం చెప్పింది గనక తప్పదన్నట్టు ముఖం పెట్టుకుని.

రంజాను నెల ఒక్కో ఏడూ కాస్త ముందుకు జరుగుతూ, ఓసారి మామిడి కాయల్లో, ఓసారి ఊడ్పుల్లో, ఓసారి కుప్ప నూర్పిళ్ళ దుమ్ములో వచ్చేది. ఏ కాలంలో వచ్చినా పుస్తకం చివర ఓ పట్టిక ఉండేది, ఏడాది పొడుగునా తెల్లారకముందే ముగించాల్సిన సహెరీ ఏ రోజు ఎప్పటిదాకా తినొచ్చో, ఏ రోజు ఇఫ్తార్ ఎప్పుడు చేయాలో చెబుతూ. అబ్బా ఇంటి గడియారాన్ని రేడియో వార్తల టైముకి సరిచేసి, ‘జిల్లా మొత్తం మీద సెకను తేడా లేని గడియారం మనదే’ అని మురిసిపోయేవారు. ఇక మాకు ఢోకా ఏముంటుంది?

సాయంత్రం చాప మీద ఖర్జూరాలు, నానబెట్టిన శనగపప్పు, చక్రకేళి అరటిపళ్ళు, కొబ్బరి ముక్కలు, అమ్మ వేసిన వేడివేడి పునుగులు. చేల మీదుగా పొద్దు కుంకిపోయేది, కొంగలు బారులు కట్టి వెళ్ళిపోయేవి, సుబ్బలక్ష్మి గారి ఇంట్లో దీపం కూడా పెట్టేసేవారు, మేం మాత్రం గడియారం కేసి చూస్తూ కూర్చునేవాళ్ళం. నా కడుపులో ఎలుకలు పరిగెత్తేవి.

“పొద్దుగూకిపోయిందండి మామ్మగారూ, పసిదాని మొహం చూడండి, ఇంకా తినరేంటండీ?” అని గోడ మీంచి సుబ్బలక్ష్మి గారు.

“పుస్తకంలో ఇంకా అవ్వలేదండి,” అని దాదీ.

తెల్లారగట్ల దీనికి తిరగేసి ఉండేది. అన్నంలో గడ్డ పెరుగు వేసుకుని, రాత్రి మిగిలిన మినప రొట్టె ముక్క తుంచుకుని తినేసి, దాదీ ఇత్తడి గ్లాసుతో నీళ్ళు పట్టుకుని గడియారం ఎదురుగా నిలబడేది. పెద్ద ముల్లు పుస్తకం చెప్పిన చోటికి వచ్చేదాకా ఆగి, అప్పుడు ఆఖరి గుక్క తాగేది. అప్పటికి తూర్పున తెల్లటి చార కనిపిస్తూండేది, కోళ్ళు కూసేవి. దాదీ వాటిని పట్టించుకునేది కాదు. కోడికేం తెలుసు, చదువా సంధ్యా?

నాకు పదేళ్ళప్పుడు, రంజాను మధ్యలో, అబ్బా నన్ను రాజమండ్రిలో మా మేనత్త ఇంట్లో దిగబెట్టారు. మేనత్తని మేం ఫూఫీ అంటాం. వాళ్ళది మసీదు ఉన్న వీధి. నేను ఆ రోజు రోజా ఉన్నాను, అదో పెద్ద గొప్ప నాకు. సాయంత్రం మసీదులో సైరన్ మోగింది, పిల్లలందరూ పళ్ళెం మీద పడ్డారు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

“తినవేంటమ్మా?” అంది ఫూఫీ.

“పుస్తకంలో ఇంకా అవ్వలేదు,” అన్నాను.

అందరూ ఒకటే నవ్వు. ఫూఫీ వాళ్ళాయన మాత్రం నవ్వలేదు. ఏ పుస్తకమో, అందులో టైముల పట్టిక మీద ఏం రాసి ఉందో అడిగారు. నాకు పేజీ పేజీ నోటికొచ్చు గనక, పైన పెద్దక్షరాలతో హైదరాబాదు అని ఉంటుందని చెప్పాను. అది అచ్చేసిన ఊరి పేరని మేమందరం అనుకునేవాళ్ళం. ఆయన నా తల నిమిరి, “అవి అక్కడి టైములమ్మా. సూర్యుడు ముందు మన దగ్గరికొచ్చి, తర్వాత అక్కడికి వెళ్తాడు. మనకన్నీ పావుగంట ముందే,” అన్నారు.

నాకు ఎంత సంబరమో. ఇంటికొస్తూనే చెప్పులు విప్పకుండా దాదీ దగ్గరికి పరిగెత్తి, ఇకనుంచి పునుగులు ముందే తినెయ్యొచ్చని చెప్పాను. దాదీ కూడా మొదట నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగింది.

“మరి తెల్లారగట్లో?” అంది.

ఆ మాట నాకు తట్టనే లేదు. ఇఫ్తార్ ఆలస్యమైతే పోయేదేమీ లేదు, కాస్త ఆకలి ఎక్కువైందంతే. కానీ ఆ ఇత్తడి గ్లాసులో ఆఖరి గుక్క, కాపురానికి వచ్చిన నాటినుంచీ తాగుతున్న ఆ గుక్క, ప్రతి రోజూ తెల్లారిపోయాకే గొంతు దిగింది.

“తెలీక జరిగిందమ్మా, అల్లాకి తెలీదా?” అని అబ్బా ఎంతో నచ్చజెప్పారు.

“అప్పుడు తెలీలేదు, నిజమే. ఇప్పుడు తెలిసింది కదరా,” అంది దాదీ.

మర్నాడు నాచేత పుస్తకం తీయించింది. టైము మించిపోయిందని తెలియక తిన్నవాళ్ళ సంగతి వెతకమంది. పాపం లేదు గాని, ఆ రోజాకి బదులు ఇంకో రోజా ఉండాలి, అని ఉంది. ‘ఇంకోసారి చదువు’ అంది. చదివాను. ఈసారి పుస్తకానికి జవాబేమీ చెప్పలేదు.

పండగ వెళ్ళాక ఆ బదులు రోజాలు మొదలుపెట్టింది. వారంలో ఒక రోజో రెండు రోజులో, వానైనా ఎండైనా. రంజానులో ఇల్లంతా కలిసి ఆకలితో ఉంటుంది, అదో కోలాహలం. ఇది అలా కాదు. అమ్మని లేపడం ఇష్టం లేక, చీకట్లో చద్దన్నం తనే పెట్టుకుని, గోడకి జేరబడి ఒక్కతే తినేది. రాజమండ్రి టైముకన్నా ఇంకా ముందే గ్లాసు కింద పెట్టేసేది, ఆ ఆఖరి గుక్క జోలికి మళ్ళీ పోలేదు. మధ్యాహ్నం మేమంతా చేపల పులుసుతో భోంచేస్తుంటే వసారాలోకి వెళ్ళి కూర్చునేది. సాయంత్రం ఒక ఖర్జూరం, ఒక గ్లాసు నీళ్ళు, చాప మీద తనొక్కతే. నేను పక్కన కూర్చునేదాన్ని గాని, కడుపు నిండిన మనిషి పక్కన కూర్చుంటే తోడవుతుందా?

“పండగైపోయింది కదండీ, మళ్ళీ ఉపాసాలేంటండీ మామ్మగారూ?” అని సుబ్బలక్ష్మి గారు అడిగితే, “పాతవి సరిగ్గా పడలేదండి,” అనేది. ఆవిడ ఏం అర్థం చేసుకున్నారో గాని, దాదీ ఒక్కపొద్దు ఉన్న రోజుల్లో వాళ్ళ కోళ్ళు మా పెరట్లోకి రాలేదు.

ఎన్ని తీర్చిందో, ఎన్ని మిగిలాయో ఎవరికీ చెప్పలేదు. నేను కాలేజీలో ఉండగా మంచాన పడింది. సెలవులకి వెళ్ళేసరికి మనుషుల్ని పోల్చుకోవడం మానేసింది. ఆ రోజు ఎవరు చెంచాతో నీళ్ళు పట్టినా పెదవులు బిగించేసింది. “రోజా,” అంది. రోజా ఏమీ లేదమ్మా అని అబ్బా, మీకు ఒంట్లో బాలేదత్తయ్యా అని అమ్మ, బతిమాలారు. వినలేదు. నాలుక పిడచకట్టుకుపోయింది. చూడలేకపోయాను.

వెళ్ళి పుస్తకం తెచ్చి, మంచం పక్కన కూర్చుని, చివరి పేజీలు చప్పుడయ్యేలా తిప్పాను. ఆ చప్పుడుకి కళ్ళు తెరిచింది.

“టైమైందా?” అంది.

“అయింది దాదీ.”

నాకేసి చూసింది. “రాజమండ్రి టైమేనా?”

“రాజమండ్రి టైమే.”

అప్పుడు నోరు తెరిచింది. కిటికీ బయట ఎండ ఇంకా తాటిచెట్ల నడుముల మీదే ఉంది. నేను చెప్పింది అబద్ధం. అందుకు ఈనాటికీ నాకు చింత లేదు. మర్నాడు పొద్దెక్కాక దాదీ వెళ్ళిపోయింది.

ఇప్పుడు నేనుండేది రాజమండ్రిలోనే. మా ఆయన పోయారు, కూతురు పెళ్ళై కాకినాడలో ఉంది. ఆ కాలవ గట్టు ఊళ్ళో మా ఇల్లూ లేదు, గోడ మీంచి పలకరించే సుబ్బలక్ష్మి గారూ లేరు. ఇక్కడ అజాన్‌కి కొదవ లేదు, నాలుగు వైపుల నుంచీ వినిపిస్తుంది. పైగా ఫోనొకటి, ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి టైము నిమిషం తేడా లేకుండా చెబుతుంది. దాదీకి చూపించి ఉంటే ఎంత మురిసిపోయేదో.

రంజానులో సాయంత్రం పూట డైనింగ్ టేబుల్ మీద ఖర్జూరం పెట్టుకుని కూర్చుంటాను. ఫోను మోగుతుంది. మోగిన వెంటనే తినలేను, కాసేపు ఆగుతాను. టైమైందా అని ఎవరైనా అడిగితే, అయింది తినండి అని చెప్పాలని ఉంటుంది. ఎవరూ అడగరు. ఖర్జూరం నోట్లో వేసుకుంటాను.