పచ్చిమిరప రసం, అయోడిన్ చుక్కలు

మిరపచేలో మందు కొడుతూ అన్నయ్య గట్టు మీదే వాంతి చేసుకుని పడిపోయాడని వదిన ఫోన్ చేసింది. కాలేజీకి సెలవు పెట్టి పొదిలి దగ్గరున్న మా ఊరికి పరుగెత్తాను. నేను ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. వెళ్లేసరికి ఆసుపత్రి నుంచి వచ్చి మంచం మీద కూర్చుని ఉన్నాడు. మూతికి గుడ్డయినా కట్టుకోలేదా అని అడిగాను.

"ఎందుకే? రోజూ పౌడర్ తాగుతున్నాగా. ఒంట్లో విషం చేరితే అదే విరిచేసిద్ది."

ఊరూరా తిరిగి ఆ పౌడర్ డబ్బాలు అమ్మే మనిషి సాయంత్రం మళ్లీ మా ఊరు వచ్చాడు. పాల కేంద్రం ముందు టేబుల్ వేసి, గ్లాసు నీళ్లలో అయోడిన్ చుక్కలు కలిపాడు. నీళ్లు గోధుమరంగుకు తిరిగాయి. "ఇది మీ ఒంట్లో చేరిన పురుగుమందు అనుకోండి," అంటూ చెంచాడు పౌడర్ వేశాడు. నీళ్లు తేటపడ్డాయి. జనం చప్పట్లు కొట్టారు. నా వెంట వచ్చిన అన్నయ్య కూడా కొట్టాడు.

నా ఒళ్లు మండిపోయింది. పక్కింటి పెరట్లో గుప్పెడు పచ్చిమిరపకాయలు కోసి, రోట్లో నూరి, గుడ్డలో వేసి రసం పిండి తెచ్చాను.

"ఏవండీ, ఇంకో గ్లాసులో కలపండి మీ విషం."

నవ్వుతూనే కలిపాడు. రసం పోశాను. గోధుమరంగు మాయమైంది.

"రెండింట్లోనూ ఉన్నది విటమిన్ సి," అని అరిచాను. "తన ఎలక్ట్రాన్లు అయోడిన్‌కి ఇచ్చి తాను ఖర్చయిపోతుంది. రంగు పోయేది అందుకే. ఒంట్లో కణాల్ని పాడుచేసే వాటికీ అలాగే అడ్డుపడుతుంది, కాదన్ను. కానీ మా అన్నయ్యని పడగొట్టిన పురుగుమందు నరాల మీద పనిచేస్తుంది. దాన్ని ఇది ఆపలేదు. పౌడర్‌ని నమ్మి మూతికి గుడ్డ కట్టుకోకపోతే చస్తారు!"

"కంపెనీ వాళ్లు నాకు చెప్పమన్నది నేను చెప్తున్నానండి మేడమ్," అన్నాడతను, మెత్తగా. ఆ మెత్తదనానికి ఇంకా మండింది.

ఇంటికి రాగానే అన్నయ్య విరుచుకుపడ్డాడు. "పదిమందిలో నా పరువు తీశావు కదే!"

"నువ్వు పోతే ఆ పరువుతో వదిన ఏం చేసుకుంటదన్నయ్యా?"

చాలా రోజులు నాతో మాట్లాడలేదు. చేలోకి మాత్రం మాస్కు, గ్లౌజులు వేసుకుని వెళ్తున్నాడని వదిన చెప్పింది. డబ్బాలు వెనక్కిచ్చినవాళ్లు కొందరే. మిగతావాళ్లు ఇప్పటికీ తాగుతున్నారు.

మొన్న బస్సులో వస్తుంటే దారిలో ఇంకో ఊళ్లో అదే మనిషి, అదే టేబుల్, చుట్టూ జనం. బస్సు ఆపించి దిగాను.