వెనక లైటు వచ్చిందా?

బండి నడపడంలో నన్ను మించినవాడు లాల్‌దర్వాజాలో లేడని తొంభైల్లో నాకు గట్టి నమ్మకం. దానికి రుజువు కూడా ఉండేది. కొని అయిదేళ్లయినా మా మోటార్‌సైకిల్‌కు వెనక బ్రేకు షూలు మార్చే అవసరం రాలేదు. ఆఫీసులో ఎవరైనా బండి మరమ్మతుల గురించి ఏడిస్తే, "తోలుడు రావాలె అన్నా. తోలుడొస్తే బ్రేకులు గట్లనే ఉంటయ్" అని కాలరెగరేసేవాణ్ణి. తర్వాత ఆ మాట తలచుకుని ఎన్నిసార్లు సిగ్గుపడ్డానో నాకే తెలుసు.

నా భార్య బహదూర్‌పురాలో టీచరు. రోజూ పొద్దున ఆమెను బడి దగ్గర దింపి నేను ఆఫీసుకు పోయేవాణ్ణి. మాది రెండు గదుల అద్దె ఇల్లు. అమ్మా, బాపూ, ఇద్దరు తమ్ముళ్లూ, మేమూ. ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాం నాలుగు మాటలు మాట్లాడుకోవాలంటే గోడలు కూడా వింటాయి. అందుకని ఆమె చెప్పాలనుకున్నవన్నీ దాచుకుని, బండెక్కాక నా భుజం మీద గడ్డం ఆనించి చెవిలో చెప్పేది. ఆ ఇరవై నిమిషాలే మా సొంతం.

ఒకరోజు జూపార్కు దారిలో పోతున్నాం. "మా పెద్దమేడం నిన్న ఏం చేసిందో ఎరికేనా" అని ఆమె మొదలుపెట్టింది. అంతలో ముందు మేకలు అడ్డం వచ్చాయి. నేను ఆపాను. వెనక వస్తున్న ఆటో ఆగలేదు. దెబ్బ పెద్దదేమీ కాదు, బండి కాస్త వంగింది. కానీ ఆమె ఎగిరి మోకాలి మీద పడింది. చీర చిరిగి రక్తం కారుతుంటే చూసి నాకు ఒళ్లు మండిపోయింది. ఆటో అతన్ని నోటికి ఎంతొస్తే అంత తిట్టాను.

"అన్నా, నీ బ్రేక్ లైట్ రాలే. వస్తే నేను ఆగకపోదునా" అన్నాడతను.

నేను వంగి బ్రేకు పెడల్‌ను చేత్తో నొక్కాను. వెనక ఎర్రలైటు వెలిగింది. "గిదేంది మరి? కండ్లు యాడ పెట్టుకుని తోల్తున్నవ్?" అని అందరి ముందూ కడిగేశాను. మూగినవాళ్లంతా నా పక్షమే. అతను లైటు వంక చూశాడు, నా వంక చూశాడు, ఆటో తీసుకుని పోయాడు.

మోకాలు మూడు వారాల్లో మానింది. భయం మానలేదు. "నీ ఎన్క నేను కూసోను. నా ఎన్క ఏమొస్తుందో నాకు కనబడది" అని ఆమె ఖరాఖండిగా చెప్పేసింది. ఆ రోజు నుంచి రెండు బస్సులు మారి బడికి పోయేది. మోకాలు పట్టుకుని బస్సు మెట్టెక్కుతుంటే చూసి నా ప్రాణం ఉసూరుమనేది. ఇంట్లో కూరా నీళ్లూ తప్ప మా మధ్య ఇంకో మాట లేకుండా పోయింది. ఖాళీ సీటుతో ఆఫీసుకు పోతుంటే ఏడుపొచ్చేదంటే నమ్మండి.

తప్పు బల్బుదని తేల్చుకున్నాను. ఎండలో ఆ గుడ్డి వెలుతురు ఎవరికి కనబడుతుంది? అప్పుడే బ్రేకు ఫ్లాషర్లు కొత్తగా వస్తున్నాయి. అగ్గిపెట్టెంత నల్ల డబ్బా. అది బిగిస్తే, బ్రేకు వేసినప్పుడు లైటు ఊరికే వెలగదు, టకటకా కొట్టుకుంటుంది. ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టి, "గిది పెడ్తే కూసుంటవా" అని అడిగాను.

"ముందుగాల నీ ఎన్క ఆటోల కూసోని చూస్త. నాకు కనబడితే కూసుంట" అంది.

ఆదివారం పొద్దున వాకిట్లో బండి సీటు ఊడదీశాను. మెకానిక్ దగ్గరికి పోవడానికి మనసొప్పలేదు. ఈ పని నా చేత్తోనే చేయాలి. బ్రేకు స్విచ్ నుంచి బల్బుకు పోయే వైరును కోసి, మధ్యలో ఆ డబ్బాను కలపాలి. అంతే పని. మొదట కోసింది హారన్ వైరని హారన్ నొక్కితే గానీ తెలియలేదు. దాన్ని అతికించి, నల్లటేపు చుట్టి, ఈసారి సరైన వైరును పట్టుకున్నాను. పళ్లతో తొడుగు పీకి, రాగితీగలు మెలిపెట్టి, డబ్బాను సీటు కింద కట్టి, పెడల్‌ను చేత్తో నొక్కాను. ఎదురింటి సున్నపు గోడ మీద ఎర్రగా టకటకా కొట్టుకుంది. వాడకట్టంతా బయటికొచ్చింది. "బోనాల లైటింగ్ లెక్క ఉన్నది గదనే" అంది పక్కింటి అవ్వ. నేను మీసం మెలేశాను.

వెంటనే పరీక్షకు బయల్దేరాం. ముందు నేను బండి మీద, వెనక ఆమె ఆటోలో. బహదూర్‌పురా దాకా ఆరేడుసార్లు ఆపాను, ఆపినప్పుడల్లా ఛాతీ పొంగించాను. బడి గేటు దగ్గర ఆమె ఆటో దిగింది.

"ఎట్లున్నది?"

"ఏది?"

"లైటు."

"ఒక్కసారి గూడ రాలే."

నేను ఉరికి పెడల్ నొక్కాను. టకటకా కొట్టుకుంది. ఆమె దాన్ని చూసి, "గిప్పుడొస్తుంది. తొవ్వల రాలే" అని బస్టాపు వైపు నడిచిపోయింది.

ఆ కోపంలో తిన్నగా మా మెకానిక్ భాయ్ దుకాణానికి పోయాను. బండి కొన్నప్పటి నుంచీ దాన్ని చూసేది ఆ తెల్లగడ్డం పెద్దాయనే. డూప్లికేట్ మాల్ అంటగట్టారని నేను లొల్లి పెడుతుంటే ఆయన చాయ్ తాగడం ఆపలేదు. అంతా విని, "సాబ్, ఆ మూల దాక పోయి వచ్చి నా ముంగట ఆపు" అన్నాడు. పోయి వచ్చి ఆపాను.

ఆయన పెడల్ దగ్గర గొంతుక్కూర్చుని బొటనవేలితో రుద్దాడు. "బండి ఎన్నేండ్లాయె?"

"అయిదు."

"అయిదేండ్లల్ల పెడల్ మీద కంపెనీ పెయింట్ గింత గూడ పోలే. ఏదీ, నీ చప్పల్ చూపెట్టు."

చూపించాను. మడమ దగ్గర తోలు ఉల్లిపొరంత మిగిలింది.

"హాత్ బ్రేక్, గేర్, చప్పల్. గీ మూడింటితోనే ఆపుతున్నవ్. బత్తీ స్విచ్ పెడల్ కింద ఉన్నది సాబ్, చప్పల్ కింద లేదు."

నిజమే. బ్రేకుల్లేని సైకిల్ మీద మా గల్లీల్లో నేర్చుకున్నవాణ్ణి. మా వాడలో అందరం అంతే, కాలు నేలకు రాచి ఆపుతాం. చేతి బ్రేకుకు ఆ రోజుల బండ్లలో లైటు లేదు. అంటే జూపార్కు దారిలో ఆటో అతను చెప్పింది అక్షరాలా నిజం. పెడల్‌ను చేత్తో నొక్కి, పదిమంది ముందు అతన్ని అబద్ధాలకోరును చేసింది నేను. ఆమె మోకాలు పగలగొట్టింది నేను. తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి, మెంతికూర తుంపుతున్న ఆమె ముందు కూర్చుని ఏదీ దాచకుండా చెప్పాను. ఆమె చివరిదాకా విని, "పాపం, గా ఆటో ఆయన మొదటనే చెప్పిండు గద" అంది. కూర గిన్నె ఎత్తుకుని లోపలికి పోయింది.

మర్నాడు ఆటో స్టాండుల్లో వెతికి అతన్ని పట్టుకున్నాను. తప్పు నాదే అన్నాను. "నాకెందుకు చెప్తున్నవ్ అన్నా, అక్కకు చెప్పు" అని నవ్వాడు. చెప్పానన్నాను.

మరుసటి ఆదివారం లేచేసరికి నా చెప్పులు లేవు.

"దాసిన. ఉత్తకాళ్లతోని తోలు. కాలు కింద పెడితే నీకే తెలుస్తది" అంది ఆమె.

ఏప్రిల్ నెల. మా గల్లీ సిమెంటు పెనంలా కాలుతోంది. ఆమె కొంగు నెత్తి మీద వేసుకుని మా గడప మీద నిలబడింది. నేను గల్లీ పొడవునా పోవడం, ఆపడం.

"వెనక లైటు వచ్చిందా?"

"రాలే. మళ్ల పో."

కాలు నేలకు తగలగానే చర్రుమనేది. వాడకట్టు కిటికీలన్నీ తెరుచుకున్నాయి. బడిపిల్లాడిలా అరికాళ్లు ఊదుకుంటూ తిరిగాను. కోపం రాలేదా అంటే వచ్చింది, మస్తుగా వచ్చింది. మింగాను. ఎన్నోసారో గుర్తులేదు, కాలు నేల మీదికి పోబోయి, దానంతటదే వెనక్కొచ్చి పెడల్ మీద పడింది.

"వచ్చింది" అంది ఆమె.

ఆ తర్వాత తప్పలేదు. పదిసార్లు ఆపితే పదిసార్లూ "వచ్చింది" అంది. పక్కింటి అవ్వ చప్పట్లు కొట్టింది. అరికాళ్లు బొబ్బలెక్కినా నా అంత గెలిచినవాడు ఆ రోజు హైదరాబాద్‌లో ఇంకొకడు లేడు.

సోమవారం పొద్దున చెప్పులు గడప ముందు ప్రత్యక్షమయ్యాయి. ఆమె బ్యాగు భుజానికి తగిలించుకుని వచ్చి, వెనక లైటు దగ్గర కాసేపు నిలబడి, సీటు మీద కూర్చుంది. నేను బండి కదిలించాను. జూపార్కు దారిలో ముందు బస్సు ఆగింది. పెడల్ నొక్కాను. వెనక ఒక ఆటో కిర్రుమని, మాకు బారెడు దూరంలో ఆగిపోయింది.

"ఓ భాయ్, గదేం లైటు? కండ్లు గుంజుతున్నయ్. బంద్ చెయ్యి" అని అరిచాడు డ్రైవర్. వేరే మనిషి.

నా నోరు ఊరుకుంటుందా? తెరవబోయాను. ఆమె నా భుజం నొక్కి వెనక్కి తిరిగింది.

"కనబడుతుంది గద అన్నా?"

"మస్తు కనబడుతుంది."

"గంతే చాలు" అంది.

బస్సు కదిలింది. నేనూ కదిలాను. కాసేపటికి నా భుజం మీద ఆమె గడ్డం ఆనింది.

"మా పెద్దమేడం ఆ రోజు ఏం చేసిందంటే" అని మొదలుపెట్టింది.