చలిలో వణుకుతూ ఐదు నొక్కినవాళ్లు

2010 జనవరి. న్యూజెర్సీలోని పిస్కాటవేలో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌కి నేను లీజింగ్ ఆఫీసులో అసిస్టెంట్ మేనేజర్‌ని. ఇళ్లు చూపించడం, లీజు రాయించడం, తాళాలు ఇవ్వడం, అద్దెకున్నవాళ్ల గొడవలు వినడం నా పని. అక్కడ మనవాళ్లు చాలామంది ఉండేవారు. మొదటిరోజు మేడమ్ అని, ఊరు కనుక్కుని, రెండో వారానికల్లా అక్కా అనేవారు.

మా పనిలో వర్క్ ఆర్డర్ అని ఒక మాట ఉంది. కుళాయి కారుతోందనో ఫ్రిజ్ ఆగిందనో ఎవరైనా ఫోన్ చేస్తే ఆ ఫిర్యాదుకు ఒక నంబరు పడుతుంది, అదే వర్క్ ఆర్డర్. పని అయ్యాక దాన్ని క్లోజ్ చేస్తారు. ఒకప్పుడు ఆ ఫోన్లు మా ఆఫీసుకే వచ్చేవి. మెకానిక్ రే పక్క గదిలోనే ఉండేవాడు, కేకేస్తే వెళ్లేవాడు. తర్వాత కంపెనీ పెద్దలకు తెలివి ఎక్కువై ఫోన్లన్నీ వేరే రాష్ట్రంలోని కాల్ సెంటర్‌కి మార్చేశారు. అక్కడివాళ్లు పంపితేనే రే కదలాలి, నేను చెప్పకూడదు. పైగా ప్రతి ఫోన్ చివరా ఒక సర్వే. మా సేవ ఎలా ఉందో ఒకటి నుంచి ఐదు దాకా ఏదో ఒక అంకె నొక్కమంటుంది రికార్డు చేసిన గొంతు. ఐదు నొక్కితే కస్టమర్ తృప్తి పడ్డాడని లెక్క, మెకానిక్ ఒక్కసారి వచ్చి వెళ్లగానే, పని పూర్తికాకపోయినా, వర్క్ ఆర్డర్ దానంతటదే క్లోజ్ అయిపోతుంది. ఈ ఏర్పాటు కనిపెట్టిన మహానుభావుడు చలికాలంలో ఏనాడూ అద్దె ఇంట్లో ఉండి ఉండడు.

ఒకరోజు పొద్దున్నే సుజాత లడ్డూల డబ్బాతో ఆఫీసుకు వచ్చింది. ఆమె, భర్త శ్రీనివాస్ కరీంనగర్ వైపు వాళ్లు. అతను హెచ్‌వన్ వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. వాళ్లకు పాప పుట్టి మూడు వారాలైంది, ఆ లడ్డూలు అందుకే. డబ్బా ఇచ్చి, పాపను ఒళ్లో పెట్టుకుని సోఫాలో కూర్చుంది. ఎంతసేపటికీ లేవలేదు. మర్నాడు మళ్లీ వచ్చింది. ఈసారి చేతిలో ఏమీ లేదు.

"ఎవరికోసమైనా చూస్తున్నావా అమ్మా?" అని అడిగాను.

"లేదక్కా. మీ ఆఫీస్‌ల వెచ్చగుంటది. పాప కొంచెంసేపు పండుకుంటదని వచ్చిన."

"మీ ఇంట్లో హీట్ రావట్లేదా?"

"వస్తది, పోతది. మెకానిక్ వచ్చి రీసెట్ చేసి పోతడు. కొంచెంసేపటికే మళ్ల బంద్ అయితది. ఏం పర్వాలేదక్కా, ఓవెన్ ఆన్ చేసి తలుపు తెరిచి పెడుతున్నం."

అది గ్యాస్ ఓవెన్. మూసిన ఇంట్లో అలా వెలిగించి ఉంచితే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే మనుషులు పోతారు. కోటు కూడా వేసుకోకుండా ఆమెతో పాటు పరుగెత్తాను. ఇల్లు ఐస్ పెట్టెలా ఉంది. పాపను పడుకోబెట్టే క్రిబ్‌ని వంటింట్లోకి తెచ్చి ఓవెన్ ఎదురుగా పెట్టుకున్నారు. ఓవెన్ కట్టేసి, కిటికీలు తెరిచి, "ఇంకెప్పుడైనా ఇది ఇలా వెలిగించారో చూడండి" అని సుజాతమీద అరిచాను. నిజానికి నేను అరవాల్సింది ఆమెమీద కాదు.

మా ఆఫీసు పక్కనే మోడల్ అపార్ట్‌మెంట్ ఉంటుంది. అద్దెకు వచ్చేవాళ్లకు చూపించడానికి మంచాలు, పరదాలు, పళ్లెంలో ప్లాస్టిక్ పళ్లు పెట్టి అలంకరించిన ఇల్లు. అందులో ఎవరూ ఉండరు, రోజంతా హీట్ మాత్రం ఉంటుంది. చంటిపిల్ల చలికి వణుకుతుంటే ప్లాస్టిక్ పళ్లు వెచ్చగా ఉన్నాయి. తాళం తీసి సుజాతనూ పాపనూ ఆ మంచంమీద పడుకోమన్నాను. అది నియమాలకు విరుద్ధమని తెలుసు.

తర్వాత రేని పిలిచి కడిగేశాను. అతను తల గోక్కుని, తన ఇంగ్లిష్‌లో చెప్పిందేమిటంటే, "వాళ్ల హీటర్‌లో ఒక పార్ట్ పోయింది. వెళ్లినప్పుడల్లా కొత్తది కావాలని రాస్తూనే ఉన్నాను. కానీ వర్క్ ఆర్డర్ క్లోజ్ అయితే పార్ట్ కోసం పెట్టిన ఆర్డర్ కూడా రద్దవుతుంది. ఆ ఇంటివాళ్లు చాలా మంచివాళ్లు, నాకు టీ ఇస్తారు. దయచేసి ఆ ఐదు నొక్కడం మానమని చెప్పండి."

కంప్యూటర్‌లో చూశాను. వరసగా వర్క్ ఆర్డర్లు. అన్నీ క్లోజ్. అన్నిటికీ ఐదే.

శ్రీనివాస్‌కి ఫోన్ చేస్తే మెడలో ఆఫీసు బ్యాడ్జ్ తీయకుండానే వచ్చాడు.

"ఇంట్లో హీట్ లేకపోతే ఐదు ఎందుకు నొక్కావయ్యా?"

"ఆ అమ్మాయి చాలా మంచిగ మాట్లాడిందక్కా. తక్కువ నొక్కితే ఆమె జాబ్ పోతదేమోనని."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారి మంచిగనే మాట్లాడిన్రు. ఇంకోటేందంటే, మనం కంప్లైంట్ చేసినట్టు రికార్డ్‌ల పడితే రేపు గ్రీన్ కార్డ్‌కి ప్రాబ్లం అయితదేమో అనుకున్న."

హీటర్‌కీ గ్రీన్ కార్డుకీ ముడిపెట్టే తెలివి మనకు తప్ప ఇంకెవరికీ ఉండదు. నాకు ఒళ్లు మండిపోయింది. "ఆ పిల్ల ఉద్యోగం గురించి ఆలోచించావు, నీ పిల్ల గురించి ఎవరు ఆలోచించాలి?" అన్నాను. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. నా నోటిదురుసుకు బాధేసింది కానీ సారీ చెప్పలేదు. నా ముందే కాల్ సెంటర్‌కి ఫోన్ చేయమన్నాను. ఫిర్యాదు అద్దెకున్నవాళ్ల నోటినుంచే రావాలని రూలు మరి.

స్పీకర్ పెట్టి చేశాడు. మొదలే "సారీ టు బాదర్ యూ" అన్నాడు. ఆ తర్వాత వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. అటువైపు అమ్మాయి గొంతు తేనెలా ఉంది. హీట్ సంగతి రాసుకుని, రెండు మూడు పనిదినాల్లో మనిషి వస్తాడని చెప్పి, "ఇంకేమైనా సాయం కావాలా?" అని అడిగింది. శ్రీనివాస్ నోట్లో "నో, థాంక్యూ" సిద్ధంగా ఉంది. నేను బల్లమీద గట్టిగా కొట్టి, పాప పడుకున్న పక్క అపార్ట్‌మెంట్ వైపు చూపించాను.

"కావాలండీ," అన్నాడు. "మా ఇంట్లో హీట్ లేదు."

"అది నమోదు చేశాను సర్. ఇంకేమైనా?"

"అదే. మా ఇంట్లో హీట్ లేదు. మూడు వారాల పాప ఉంది. ప్లీజ్, ఈరోజే పార్ట్ వస్తుందని చెప్పేదాకా నేను ఫోన్ పెట్టను."

ఆమె ఆ ప్రశ్న మళ్లీ మళ్లీ అడిగింది. ఇతను మళ్లీ మళ్లీ అదే చెప్పాడు. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు, ప్లీజ్ మానలేదు. కస్టమర్ ఇంకేం వద్దు అనేదాకా ఆమె ఫోన్ ముగించకూడదట. చివరికి ఓడిపోయి సూపర్‌వైజర్‌కి ఇచ్చింది. దాన్ని ఎమర్జెన్సీగా మార్చారు. మధ్యాహ్నానికి రే వ్యాన్ వేసుకుని వెళ్లి పార్ట్ తెచ్చాడు, చీకటిపడేలోగా బిగించాడు.

అంతకుముందు, ఆ ఫోన్ ముగియగానే సర్వే మొదలైంది. "ఎంత నొక్కాలక్కా?" అన్నాడు శ్రీనివాస్.

"నీకు నిజం ఎంత అనిపిస్తే అంత."

ఒకటి నొక్కాడు. నొక్కి, "పాపం ఆ పిల్ల" అన్నాడు. నేను తల పట్టుకున్నాను.

మర్యాదగా ఫిర్యాదు చేయడమంటే ఏమిటో నాకు ఆరోజు అర్థమైంది. గొంతులో మర్యాద ఎంతైనా ఉండనీ. అడగాల్సింది మాత్రం అడిగే తీరాలి, అది దొరికేదాకా చాలు అనకూడదు. మన మంచితనాన్ని కస్టమర్ తృప్తి కింద లెక్కరాసుకునేవాళ్లున్నారు. వాళ్లమీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

వారం తర్వాత మా రీజినల్ మేనేజర్ ఫోన్ చేసింది. మా కాంప్లెక్స్ సర్వే స్కోరు ఎందుకు తగ్గిందని అడిగింది. మోడల్ అపార్ట్‌మెంట్ మంచంమీద ఎవరో చంటిపిల్లను పడుకోబెట్టారని విన్నాననీ, అది కంపెనీ ప్రతిష్ఠకు మంచిది కాదనీ చెప్పింది. చాలా మర్యాదగా మాట్లాడింది. చివర్లో, "మీరు ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా?" అంది.

అన్నాళ్లూ ఆ ప్రశ్నకు నా జవాబు కూడా "నో, థాంక్యూ" అనే ఉండేది.

"ఉందండీ," అన్నాను. "ఆ పాప ఎలా ఉందని మీరు ఇంకా అడగలేదు."

"ఇంకేమైనా?" అందామె. మళ్లీ అదే చెప్పాను. నేను ఫోన్ పెట్టలేదు.