మేడంగారి పేరున మొదటి సంచిక

అప్పటికి మా పెళ్ళయి నాలుగు నెలలు. ఆయనకి రెండోది, నాకు మొదటిది, అదీ ముప్పై తొమ్మిదేళ్ళకి. ఆత్రేయపురం నుంచి రామచంద్రపురం వచ్చాను. దూరం ఎక్కువేం కాదు గానీ, కొత్త వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో తెలుసుకోవడానికే నెల పట్టింది. ఆ ఇంట్లో పదమూడేళ్ళ అమ్మాయి ఉంది, మా ఆయన కూతురు. ఆ పిల్ల నన్ను ఏమనీ పిలిచేది కాదు. మమ్మీ అనాలని మా ఆడపడుచు చెప్పి చూసింది. ఆంటీ అన్నా పర్లేదని చర్చిలో ఆడవాళ్ళు అన్నారు. పిల్ల అందరికీ తలూపింది, ఏదీ అనలేదు. నాతో పనుంటే వచ్చి పక్కన నిలబడేది. నేను తిరిగి చూసేదాకా అలాగే నిలబడేది. మర్యాదకి లోటు లేదు, ప్రతి మాట చివరా 'అండి' ఉండేది. అది వింటే నేనేదో ఆఫీసు పని మీద వాళ్ళింటికొచ్చినట్టు ఉండేది. ఒక్క పిలుపు కోసం నా ప్రాణం ఎంత కొట్టుకునేదో ఎవరికీ చెప్పుకోలేదు. ఇంత వయసొచ్చాక ఇదేం ఆశ అని నవ్వుతారని.

ఒక శుక్రవారం మధ్యాహ్నం కొరియర్ అతను ఇంటి నంబరుకి ఫోన్ చేశాడు. లెక్చరర్ గారిల్లేనా, మేడంగారికి పార్సిల్ వచ్చిందన్నాడు. లెక్చరర్ గారింట్లో మేడం అంటే నేనే కదా. సంతకం పెట్టి తీసుకున్నాను. నాకు ఓపిక తక్కువ, పైన రాసింది చదివి విప్పే మనిషిని కాను. కూరగాయల కత్తితో చీరేశాను. లోపల రెండు అట్టల మధ్య, ప్లాస్టిక్ కవర్లో, ఇంగ్లిష్ బొమ్మల పుస్తకం. అట్ట మీద నలభై మంది వీరులు ఒకళ్ళ భుజాల మీంచి ఒకళ్ళు తొంగిచూస్తున్నారు, మండపేట సెంటర్లో ఎవరో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీలో లాగా. నాకిది ఎవరు పంపారబ్బా అనుకుంటూనే, పొయ్యి మీద పప్పు పెట్టి చదవడం మొదలుపెట్టాను.

అట్ట మీద మొదటి సంచిక అన్నారు గదా, మొదటి నుంచి చెబుతారనుకున్నాను. ఎక్కడ! అందరూ, నేను వాళ్ళని ఊహ తెలిసినప్పట్నుంచీ ఎరిగున్నట్టే మాట్లాడేసుకుంటున్నారు. ఒకడికి ఇంకొకడి మీద పాత కోపం. ఎందుకని చూస్తే, పక్కన చుక్క గుర్తు పెట్టి, కింద చిన్న అక్షరాల్లో ఫలానా పుస్తకం ముప్పై ఏడో సంచిక చూడండి అని. చూడ్డానికి నా దగ్గరేముంది, నా మొహం. ముక్కూ మొహం తెలియనివాళ్ళ పెళ్ళికెళ్ళినా, ఆడపెళ్ళివారెవరో మగపెళ్ళివారెవరో కాసేపటికి తెలుస్తుంది. ఇక్కడ ఆకాశం రెండుగా చీలి, అవతల నుంచి ఇంకో లోకం వాళ్ళు కూడా ఊడిపడ్డారు. మొదట్నుంచీ ఉన్నవాళ్ళలో, వీపు వెనక దుప్పటిలా ఎగిరే నారింజ రంగు కేపు వేసుకున్న ఒకావిడ వరదని చేత్తో ఆపేస్తోంది. ఆవిడొక్కర్తినే పట్టుకుని చదువుకుంటూ వచ్చాను. తీరా చూస్తే పంతొమ్మిదో పేజీలో చచ్చిపోయింది. ఇరవయ్యో పేజీలో మళ్ళీ నిలబడి ఉంది. వెనక్కి వెళ్ళి చూశాను, ముందుకొచ్చి చూశాను, మధ్యలో పేజీలు అతుక్కున్నాయేమోనని వేలితో తడిమాను. పప్పు అడుగంటింది గానీ కథ మాత్రం తలకెక్కలేదు.

నాలుగున్నరకి పిల్ల స్కూలు బస్సు దిగి వచ్చింది. టేబుల్ మీద పుస్తకాన్నీ, పక్కన చీరేసిన కవరునీ చూసింది. మొహం పాలిపోయింది. చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, పుస్తకాన్ని రెండు చేతులతో ఎత్తి గదిలోకి తీసుకెళ్ళి తలుపేసుకుంది. నాకు ముందు కోపమే వచ్చింది. కవరు చించాను గానీ పుస్తకం చించానా? ఆ కోపంతోనే కవరు చెత్తబుట్టలో వేయబోతూ, దాని మీదున్న పేరు అప్పుడు చదివాను. మా ఆయన మొదటి భార్య పేరు.

మిగతాది సాయంత్రం ఆయన చెప్పారు. ఈ పుస్తకాల పిచ్చి అసలు ఆవిడదేనట, పిల్లకీ అంటించిందట. ఎన్నో పుస్తకాల్లో విడివిడిగా ఉన్న వీరులందరూ ఒకే కథలోకి వస్తారని తెలిసిన రోజే, హైదరాబాదు షాపులో తన పేరు రాయించుకుంది. ఆ పుస్తకం వాయిదాల మీద వాయిదాలు పడింది. ఈలోగా ఆవిడకి జబ్బు చేసింది, పోయింది. ఇలాంటి పార్సిల్ ఏదొచ్చినా తల్లీకూతుళ్ళిద్దరూ నేల మీద కూర్చుని కలిసి విప్పేవారట. నీకు తెలియదు కదా, బాధపడకు అన్నారాయన. పడకుండా ఎలా ఉంటాను? ఆ పిల్లకి తల్లి నుంచి వచ్చిన ఆఖరి పార్సిల్‌ని కూరగాయల కత్తితో కోసి, పప్పు చేతులతో తిరగేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక ఇక ఉండబట్టలేక పిల్ల గది గుమ్మంలో నిలబడ్డాను. తప్పయిపోయిందని చెప్పాను. పర్లేదండి అంది. అంటే ఇక వెళ్ళమని. నేను వెళ్ళలేదు. ఇంకేం మాట్లాడాలో తెలియక, నాకు నిజంగా అర్థం కానిదే అడిగాను. ఆ కేపు ఆవిడ పంతొమ్మిదో పేజీలో పోయింది కదా, మళ్ళీ ఎలా వచ్చింది?

పిల్ల పుస్తకం తీసి ఆ పేజీ తెరిచింది.

"వచ్చింది ఆవిడ కాదండి. రెండో లోకం ఆవిడ. అదే పేరు, అదే డ్రెస్సు."

"ఇక్కడ ఇంకొకావిడ ఉండేదని ఈమెకి తెలుసా?"

"తెలీదండి. ఆకాశం చీలితే వచ్చి పడిందంతే."

నన్ను కావాలనే అందో, కథే చెప్పిందో తెలియలేదు. పిల్ల మాత్రం మామూలుగానే పేజీ తిప్పి, ఇద్దరి జడల్లో తేడా చూపించింది. నేను నేల మీద కూర్చున్నాను. చుక్క గుర్తు వచ్చినచోటల్లా ఆపి అడిగాను. బీరువా మీంచి పాత పెట్టె దింపి, ఆ ముప్పై ఏడో సంచిక వెతికి తీసింది. ఒకటి రెండు చోట్ల, ఈ బొమ్మ మమ్మీకి ఇష్టం అంది. ఎవరెవరో అప్పటికీ నాకు సగమే తెలిసింది.

పుస్తకంతో పాటు ఒక చీటీ వచ్చింది, రెండో సంచిక కావాలంటే షాపుకి ఫోన్ చేసి చెప్పాలని. నువ్వే చెయ్యమన్నాను. పిల్ల చీటీ మడిచేసి, చెయ్యనంది. ఫోన్ చేస్తే మమ్మీ సంగతి నోటితో చెప్పాల్సొస్తుంది, అదీ భయం. సరేనని నేనే నంబరు నొక్కి స్పీకర్ పెట్టాను.

షాపతను కంప్యూటర్లో చూసుకుని, మాట్లాడేది మేడంగారేనా అన్నాడు. ఈసారి అవునని ఎలా అంటాను? ఆవిడ పోయారండి అన్నాను. అయ్యో అన్నాడు పాపం. తర్వాత, పేరు మార్చమంటారా అని మెల్లగా అడిగాడు. వద్దు, ఆ పేరు మీదే పంపండి అన్నాను.

"అలాగేనండి. మరి తమరెవరండి?"

లెక్చరర్ గారి భార్యని అనొచ్చు. ఆవిడా లెక్చరర్ గారి భార్యే కదా, ఆ పిల్ల ముందు ఆ మాట నా నోట రాలేదు. పిల్ల పుస్తకంలోకే చూస్తోంది. అతను ఫోన్లో హలో, హలో అంటున్నాడు.

"మా పిన్ని అని చెప్పండి," అంది తలెత్తకుండా.

చెప్పాను. ఆ తర్వాత అతనేమన్నాడో, నేనేమన్నానో ఒక్క ముక్క గుర్తులేదు. ఆ మాట షాపతని కోసం అందో, నా కోసం అందో, అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.