కోడంబాక్కంలో పూసిన డాఫడిల్

చెన్నై పక్కన అంబత్తూరులో నేను పనిచేసే ఫ్యాక్టరీలో రంగులు వేసే గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా థిన్నరు వాసన నడవాలోకి గుప్పుమని వస్తుంది. నాతో పనిచేసేవాళ్ళు ముక్కు మూసుకుని గబగబా దాటిపోతారు. నేను మాత్రం, మాస్కు పెట్టుకోండని నలుగురికీ చెప్పే ఉద్యోగంలో ఉండి కూడా, అక్కడ కాస్త నెమ్మదిగా నడుస్తాను. వాళ్ళకది ఒట్టి రసాయనం. నాకది మా తాత చొక్కా. ఆ వాసన వెనకే ఉడుకుతున్న మైదా జిగురు, గిన్నెలో కరిగిన మైనం, మిద్దె మీద ఆరేసిన క్రేపు కాగితం, వాటి మధ్య బాసింపట్టు వేసుకుని పళ్ళతో సన్నతీగ తుంచుతున్న తాత, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చేస్తాయి.

తాత సినిమా స్టూడియోలో పూలు చేసేవాడు. కళా విభాగంలో వడ్రంగులు, రంగులవాళ్ళు, మట్టిబొమ్మలవాళ్ళు ఎవరికి వారే ఉండేవాళ్ళు. తోట కావాలంటే తాతను పిలిచేవాళ్ళు. గులాబీ, తామర, మంచుకొండల మీద పూసే పేరు తెలియని పూలు, ఏది అడిగినా కాగితం, తీగ, మైనం, రంగుతో తెల్లవారేసరికి నేలంతా పరిచేవాడట. నాకు ఊహ తెలిసేటప్పటికి ఆయన స్టూడియో మానేశాడు. పెళ్ళి మంటపాలకో, బడి నాటకాలకో ఎవరైనా అడిగితే ఇంట్లోనే చేసిచ్చేవాడు. మా ఇల్లు కోడంబాక్కం స్టేషను వెనక, ఒకే వరండాలోకి తలుపులు తెరుచుకునే వరుస ఇళ్ళలో ఒకటి. రైలు వెళ్ళినప్పుడల్లా తాత ఆరబెట్టిన రేకులు అదిరేవి. ఎండాకాలంలో ఫ్యాను వేస్తే కాగితాలు ఎగిరిపోతాయని మేమంతా చెమటలు కక్కుతూ కూర్చునేవాళ్ళం. వానాకాలంలో జిగురు ఆరక తాతకు కోపం వచ్చేది. ఆ కోపం తగ్గడానికి అవ్వ వేడివేడిగా మసాల వడలు వేసేది, కాబట్టి ఆ కోపం మాకు ఇష్టంగానే ఉండేది.

ఆయన చేసిన పూలన్నింటిలోకి పేరు తెచ్చింది డాఫడిల్. స్టూడియో లోపలే విదేశం సృష్టించాలన్న పాటలు వచ్చిన రోజుల్లో, ఎవరో తెచ్చిచ్చిన క్యాలెండరు బొమ్మ చూసి నేర్చుకున్నాడు. చుట్టూ ఆరు పసుపు రేకులు, మధ్యలో అంచు ముడతలు పడ్డ చిన్న గిన్నె. ఆ గిన్నె ఆకారం కోసం కాగితాన్ని సిరాబుడ్డి మూత మీద తడిపి ఒత్తేవాడు. పైనుంచి కెమెరా చూస్తుంది కనుక ప్రతి పువ్వు ముఖమూ ఆకాశం వైపు తిప్పేవాడు. ఆ పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. కొలబద్ద లేదు, అచ్చు లేదు, అయినా ఏ రేకూ పక్క రేకు కంటే పెద్దది కాదు.

ఆ పనే ఆయన ముక్కును తినేసింది. ఏళ్ళ తరబడి మూసిన గదుల్లో థిన్నరు పీల్చి పీల్చి వాసన తెలియకుండా పోయింది. పాలు మాడిపోతున్నా పక్కనే కూర్చుని పేపరు చదువుకునేవాడు. కర్పూరం, నీలగిరి తైలం మాత్రం ముక్కులో ఎక్కడో చురుక్కుమనేవట. ఇక రాదని డాక్టరు చెప్పినా, గట్టి వాసనైతే తగలకపోదని ఆయన నమ్మకం. అందుకే మల్లెల మాలను కూడా మొహానికి అదుముకుని చూసేవాడు. అవ్వ దాన్ని లాక్కుని, నలిగిన పూలు సరిచేసుకుని తల్లో పెట్టుకునేది.

ఇలా ఉండగా ఒకరోజు సెల్వం మామ వచ్చాడు. ఆయన లైట్‌మాన్, మా వరుసలోనే చివరి ఇల్లు. షూటింగుకు ఊటీ వెళ్ళి, అక్కడ ఒక బంగళా తోటమాలిని బతిమాలి, గుడ్డసంచిలో గడ్డలు తెచ్చాడు.

"అన్నే, నువ్వు చేస్తావే పసుపు పువ్వు, అదే ఇది. ఆడ నిజంగానే పూస్తా ఉండాదిపా. ఇంకోటి తెలుసునా? దానికి వాసన ఉండాది! ఒక్క పువ్వు పెడితే రూమంతా గమ్మని కొడతాది."

తాత సంచి వైపు చూడలేదు. సెల్వం మామ మొహమే చూస్తున్నాడు. "వాసనా? ఆ బొమ్మలో వాసన ఎట్టా తెలస్తాదిరా నాకు?" అన్నాడు చివరికి. "ఇన్నేండ్లు చేస్తినే. ఒకడన్నా చెప్పలేదే."

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒకటే పని: ఆ పువ్వు పూయాలి, దాని వాసన తాత ముక్కుకు తగలాలి.

చలి తగిలితేనే ఆ గడ్డ నిద్రలేస్తుందని తోటమాలి చెప్పాడట. మద్రాసులో చలెక్కడ? ఫ్రిజ్‌లో ఉంది. తాత గడ్డల్ని కాగితంలో చుట్టి కూరగాయల అరలో పెట్టాడు. అవ్వకు అది అస్సలు నచ్చలేదు.

"ఏందయ్యా ఇది, ఎర్రగడ్డల పక్కన ఎర్రగడ్డల మాదిరే పెట్టినావే? పొద్దన్నే నిద్రకండ్లతో తరిగి సాంబార్లో ఏస్తే?"

"విషమే అది. ఇంట్లో అందరం ఒకేసారి పోతాం."

"నీ పువ్వు వాసన చూడకుండా నువ్వు పోవులే" అని అవ్వ ఉల్లిపాయల బుట్టనే ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టేసింది.

అప్పట్లో కరెంటు కోతలు ఎక్కువ. కరెంటు పోగానే తాత కుర్చీ తెచ్చి ఫ్రిజ్‌కు అడ్డంగా వేసుకుని కూర్చునేవాడు. ఎండన పడి వచ్చిన చుట్టాలకు కూడా కుండ నీళ్ళే. "తలుపు తీస్తే చలి పోతాది" అని ఆయన చెబుతుంటే, మా పెద్దత్త తన పెళ్ళినాడు కూడా నాయన ఇంత కాపలా కాయలేదని నవ్వేది. కోత మరీ ఎక్కువైన రోజున నన్ను వెంటబెట్టుకుని చేపల అంగడికి వెళ్ళి ఐసు తెచ్చేవాడు. దానికి చేపల కంపు ఉందని నేను మొహం తిప్పుకుంటే, "నాకు తెలీదు కదా, నాకే నయం" అనేవాడు.

దీపావళి వచ్చే ఐప్పసి నెలలో వానలు దంచికొట్టాయి. ఫ్రిజ్‌లో కొన్ని గడ్డలు మెత్తబడి కుళ్ళాయి. వాన తగ్గిందనుకుని కుండీల్లో నాటిన వాటిలో కొన్ని, మళ్ళీ తిరగబడ్డ వానకు బురదలోనే కరిగిపోయాయి. మిగిలిన కాసినింటినీ తాత కుండీ అడుగున పెంకుముక్కలు వేసి, ఏటి ఇసుకా ఎర్రమన్నూ కలిపి, మెడ వరకు పాతి, కొళాయి పక్కన మధ్యాహ్నం ఎండ పడని గోడ నీడలో పెట్టాడు. ఆ కుండీల పక్కనే మాకు తులసి, మరువం, ఒక కరివేపాకు మొక్క ఉండేవి; వాటిని ఎవరూ ఇంత బతిమాలలేదు. మార్గళి నెలలో, అంటే ధనుర్మాసంలో, ముగ్గులు వేసే ఆడవాళ్ళు కూడా చెవులకు గుడ్డ చుట్టుకునే ఆ కాస్త చలిలో, చాలా గడ్డలు ఆకులు మాత్రం వేసి ఊరుకున్నాయి. ఒక్కదానికి ఆకుల మధ్యనుంచి చదునైన కాడ లేచింది. దాని కొసన కాగితపు సంచిలాంటి పొరలో మొగ్గ. తాత దాన్ని ముట్టుకోనివ్వలేదు. వేలు చూపినా ఊరుకోలేదు.

అది విచ్చింది సరిగ్గా భోగి పొద్దున. మా వీధిలో భోగి అంటే పాత చాపలు, పొరకలు, వాటి మీద ఎక్కడెక్కడివో సైకిల్ టైర్లు. ఊరంతా నల్లటి పొగ. తాత పరుగున వీధిలోకి వెళ్ళాడు. "ఈడ వద్దు సామీ, ఒక్కరోజు ఆ చివరకు పొండి, మా ఇంట్లో పువ్వు పూసింది" అని చేతులు జోడించాడు. టైరు దొర్లించుకొస్తున్న పిల్లలు ఆయన్ను వింతగా చూశారు. ఇంట్లో బిడ్డ పుట్టిందేమో అనుకున్నవాళ్ళూ ఉన్నారు. కుండీని లోపలికి తెచ్చి, కిటికీలు మూసి, తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కి, పొగ పోయేదాకా ఎవరూ దాని దగ్గరకు పోకూడదన్నాడు.

మరుసటి పొద్దున, బయట పొంగలికి బియ్యం కడుగుతున్న వేళకు, ఆయన స్నానం చేసి ఉతికిన చొక్కా వేసుకుని కుండీ ముందు కూర్చున్నాడు. వంగి, కళ్ళు మూసుకుని, మెల్లగా పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. అవ్వ బియ్యం చేట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. సెల్వం మామ ఊపిరి బిగపట్టాడు. మాకు పూలిచ్చే పచ్చమ్మ పండగ మూరలు కొలవడానికి వచ్చి, గడపలోనే ఆగిపోయింది.

"నాకు రాలా" అన్నాడు తాత.

 తలెత్తి, చాప మీద పక్కకు జరిగాడు. "సరి. మీరు చూడండి. చూసి నాకు చెప్పండి. ఊరికే బాగుందనొద్దు."

ముందు పచ్చమ్మ కూర్చుంది. "మల్లె మాదిరి మొదలవతాదన్నా. మల్లె పైకి పోతాది, ఇది కింద ఉండిపోతాది. తేనె డబ్బా మూత తీసినట్టు."

"పాత తేనా, కొత్తదా?"

"కొత్తదే. మైనం ఉన్నది."

అవ్వ వంతు వచ్చింది. వాసన చూసి, "పసిబిడ్డకు సాంబ్రాణి పట్టి ఎత్తుకున్నట్టు" అంది. ఎంత పొగ, ఎంత బిడ్డ అని తాత అడిగితే, "బిడ్డే జాస్తి" అంది. సెల్వం మామ బత్తాయి తొక్క గిల్లినట్టుందన్నాడు. తాత ప్రతి మాటకూ కళ్ళు మూసుకుని, రంగులు కలిపేటప్పుడు చేసినట్టు వేళ్ళు కదిపాడు. చివర నన్ను పిలిచాడు. నాకు మొదట తీపి తగిలింది. దాని అడుగున ఇంకేదో ఉంది. చెప్పడానికి సిగ్గేసింది.

"చెప్పురా అబ్బయ్యా."

"కొంచెం పేడ వాసన తాతా."

అవ్వ నా నెత్తిన మొట్టింది. తాత మాత్రం పగలబడి నవ్వాడు. పచ్చమ్మ మళ్ళీ వంగి చూసి, "అవునన్నా, బిడ్డ చెప్పింది నిజమే, అడుగున ఉండాది" అంది. "అదీ! అది లేకుండా పువ్వెట్టా అవతాదిరా, సెంటు అవతాది గానీ" అన్నాడాయన. ఇంజనీరింగు చదివేటప్పుడు, మల్లెలో, పేడలో కూడా ఉండే ఒకే పదార్థం ఇలాంటి పూలలోనూ ఉంటుందని తెలిసి, నేను హాస్టల్లో ఒంటరిగా నవ్వుకున్నాను.

అంతదాకా వాసన ధ్యాసలోనే ఉన్న తాత, తర్వాతే పువ్వును నిదానంగా చూశాడు. చూసి అదిరిపడ్డాడు. అది ఆకాశంలోకి చూడటం లేదు. మెడ దగ్గర వంగి, కొత్తగా క్లాసులోకి వచ్చిన పిల్లలా పక్కకు చూస్తోంది. మెడ వెనక మొగ్గను కప్పిన పొర ఎండి, చిరిగి, ఇంకా అంటుకునే ఉంది. క్యాలెండరు బొమ్మలో ఆ పొర కనబడలేదట. ఆ మధ్యాహ్నం పొంగలి ఆకు ముందు కూడా ఆయన దాని గురించే మాట్లాడాడు. సాయంత్రం తీగా కాగితమూ తెచ్చుకుని, ఒక్క పువ్వు చేశాడు. మెడ వంచాడు. ఒక రేకు అంచు కావాలనే నలిపాడు. పొర కోసం ఏ కాగితమూ సరిపోక, అవ్వ బుట్టలోంచి ఎర్రగడ్డ పొట్టు తీసి అంటించాడు. రెండూ పక్కపక్కన పెడితే, ఏది ఏదో తెలుసుకోవడానికి అవ్వ కూడా వాసనే చూడవలసి వచ్చింది.

ఆ గడ్డ మళ్ళీ పూయలేదు. మరుసటి ఏడు ఆకులు వేసింది, ఆ పై ఏడు అవీ లేవు. తాత పోయాడు, అవ్వ పోయింది. వరుస ఇళ్ళు కొట్టేసి కార్లు పెట్టుకునే అంతస్తు మీద ఫ్లాట్లు కట్టారు. కొళాయి గోడ ఉన్నచోట ఇప్పుడు లిఫ్టు ఉంది. పూలు చేసేవాళ్ళను ఎవరూ పిలవరు. తోటలు కంప్యూటర్లో పూస్తున్నాయి.

పోయిన చలికాలం ఆఫీసు స్నేహితులతో ఊటీ వెళ్ళినప్పుడు, ఒక గెస్ట్‌హౌస్ మెట్ల పక్కన ఆ పూలు కనిపించాయి. వాళ్ళు ఫొటోలు తీసుకుంటుంటే నేను నేలమీద మోకాళ్ళూని వాసన చూశాను. అందరూ చెప్పినవన్నీ ఉన్నాయి. వాటితోపాటు, ఆ రోజు మాలో ఎవరూ చెప్పనిది ఒకటి దొరికింది: వాన వెలిసిన వెంటనే పచ్చి గోధుమపిండి కలుపుతున్న వంటింటి వాసన, చాలా సన్నగా, అన్నింటికంటే చివర. సరైన మాట దొరికిందని ఎంత సంబరపడ్డానో. చెన్నైకి తిరిగి వచ్చి రెండు నెలలైంది. ఆ మాట ఇంకా నా దగ్గరే ఉంది.